ఫ్రెంచి కాలువలో యానాం గెడ

నేను ఒక గెడను. పడవ ఎక్కని వాళ్ళ కోసం విడమరిచి చెబుతున్నాను: పడవను తోసే వెదురు కర్రను. అడుగున ఇనప పొన్ను, ఒంటినిండా పద్నాలుగు కణుపులు, అరిగిపోయిన చోట నున్నటి మెరుపు. పడవలో చేరినప్పుడు నా పొడవు పద్దెనిమిది అడుగులు, ఇప్పుడు ఆరు. మిగతా పన్నెండు అడుగులు ఏమయ్యాయని కంగారు పడకండి. వరసలో అదీ చెబుతాను. నీళ్ళ మీద బతికినవాళ్ళకు తొందర పనికిరాదు.

మాది రంపచోడవరం కొండలు. నరికిన వెదుళ్ళను కట్టలు కట్టి, తెప్పలు చేసి గోదావరిలోకి తోసేవాళ్ళు. అలా వందమంది అన్నదమ్ములతో కలిసి, ఒక్క పడవనైనా నడపకముందే నేనే పడవనై రాజమండ్రి చేరాను. అక్కడ ఒడ్డున నన్ను చూసిన మొదటి మనిషి యానాం నుంచి వచ్చిన సరంగు సంగాడి భైరవమూర్తి. సరంగంటే పడవకు పెద్ద, చుక్కాని పట్టేవాడు. ఆయన మమ్మల్ని ఒక పూటంతా పరీక్ష చేశాడు. వేలితో కొట్టి విన్నాడు, ఒక కన్ను మూసి వంకర చూశాడు, చివరికి వాసన కూడా చూశాడు. తర్వాత కూతురికి సంబంధం చూసినప్పుడు ఇందులో సగం సేపు కూడా చూడలేదని నాకు బాగా తెలుసు.

నెలరోజులు బురద నీళ్ళలో నానబెట్టి, పొగలో ఆరబెట్టి, చేపనూనె పట్టించి, కమ్మరి చేత పొన్ను తొడిగించాడు. నాకు ఉద్యోగం దొరికింది.

ఆయన పడవ కాకినాడ కాలువ మీద తిరిగేది. బియ్యం బస్తాలు, పెంకులు, కొబ్బరికాయలు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఒడ్డున మనుషులు తాడు పట్టి లాగడం, మలుపుల దగ్గరా లాకుల దగ్గరా నేను. పడవ వెనక చుక్కాని దగ్గర సరంగు, ముందు కొసన నన్ను పట్టుకుని ఆయన కూతురు నూకరత్నం. తొమ్మిదేళ్ళకే నన్ను పట్టింది. నేను దానికంటే నాలుగింతలు పొడుగు. అయినా నేను చెప్పినట్టు అది వినేది కాదు, అది చెప్పినట్టు నేనే వినేవాణ్ణి.

ఆ పిల్లకు ఒకే ఒక్క కోరిక ఉండేది. చుక్కాని పట్టాలని. ప్రతి ప్రయాణంలోనూ అడిగేది.

"నాన్నా, ఒక్కసారి ఇయ్యవా? ఈ వంపు దాకానే."

"అది నీ పని కాదమ్మా. గెడెయ్యి."

అంతే. ఇంకో మాట ఉండేది కాదు. ఆ కోపం నా మీద తీర్చుకునేది. నాతో నీళ్ళను చెంపదెబ్బలు కొట్టేది. నాన్నకు తన మీద నమ్మకం లేదని ఆ వయసులోనే తీర్మానం చేసుకుంది.

లాకు సంగతి కూడా చెప్పాలి, ముందు ముందు దానితో పని ఉంది. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగేచోట రాతి గోడల మధ్య రెండు జతల తలుపులుంటాయి. పడవ మధ్యలోకి వెళ్తుంది, వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు కిందికి వదులుతారు, నీళ్ళతోపాటు పడవా దిగుతుంది, ముందు తలుపులు తెరుస్తారు. పడవకు మెట్లన్నమాట. నీళ్ళు వదిలినప్పుడు ఆ హోరులో మనిషి మాట మనిషికి వినబడదు. అందుకని మా సరంగూ, ఆ లాకు కాసే లస్కరు పాపయ్యా ఒక ఏర్పాటు చేసుకున్నారు. నా పొన్నుతో గోడ మీద ఒక్క దెబ్బ కొడితే వదులు అని. మూడు దెబ్బలు కొడితే ఆపు అని. ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. దిగగానే పాపయ్య చేతిలో ఒక చేప పెట్టాలి. చేప పెద్దదైతే లాకు తొందరగా తెరుచుకునేది.

ఒక మధ్యాహ్నం రత్నం బస్తాల మీద నిద్రపోతోంది. నేను ఒడ్డు బురదలో దిగబడి పడవను ఆపుతున్నాను. పాపయ్య చేపను పరిశీలిస్తూ అడిగాడు.

"ఆ పిల్లకి ఒక్కపాలి సుక్కాని ఇయ్యరాదేటి సరంగూ? పాపం, దేబిరిత్తాది."

భైరవమూర్తి కూతురి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నాకన్నా బాగా పడతాది పాపయ్యా. అందుకే ఇయ్యను. ఒక్కపాలి పట్టిందంటే ఇంక ఒడ్డెక్కదది. రోడ్డు మీద లారీలు సూత్తన్నావుగా? ఈ కాలవ ఇంకో పదేళ్ళు. దాని బతుకు దీనికి ముడెట్టమంటావా?"

ఈ మాట విన్నవాళ్ళు ఇద్దరు. పాపయ్య చేప కూర తిని మరిచిపోయాడు. నేను మరవలేదు. కానీ దేవుడు నాకు కణుపులిచ్చాడు గానీ నోరివ్వలేదు.

రత్నానికి పద్దెనిమిదేళ్ళప్పుడు పెళ్ళయింది. పెళ్ళికొడుకు కనకలింగం. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది కదా, ఆ రోజుల లెక్క ప్రకారం కొందరు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోయారు. లింగం ఆ కోవలో మనిషి. వాళ్ళ సైన్యంలో వంటవాడు. భార్యను ఓడ మీద ఫ్రాన్సు తీసుకెళ్తానన్నాడు. ఆ సాయంత్రం సరంగు నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత రంపం తెచ్చి, పొన్ను వైపు నుంచి ఆరడుగులు కొలిచి కోసేశాడు.

"ఓడలో అంతకన్నా పొడుగు పట్టదంట. పొన్నున్న ముక్క నువ్వట్టుకెళ్ళు. నాకు పైది సాలు," అన్నాడు.

"చుక్కాని ఇయ్యలేదు గానీ కర్రముక్క ఇత్తన్నావా?" అని కూతురు ఏడ్చింది. పై పన్నెండడుగులూ ఆయన దగ్గరే ఉండిపోయాయి. పడవ ఆగిపోయాక దొండపాదు పందిరికి రాటగా పాతారని తర్వాతెప్పుడో ఉత్తరం వచ్చింది.

నేను మార్సెయ్ రేవులో దిగి తులూజ్ అనే ఊరు చేరాను. నదుల్ని తోసిన కర్రకు మూడో అంతస్తులో ఏం పని ఉంటుంది చెప్పండి. అప్పడాలు ఆరేసే చీరకు ఊతమయ్యాను. తెర కట్టే కమ్మీనయ్యాను. మంచం కిందికి దొర్లిన ఉల్లిపాయల్ని బయటికి లాగాను. నా ముఖ్యమైన ఉద్యోగం మాత్రం ఇంకొకటి. పై అంతస్తులో ఒకాయన పాటలు గట్టిగా పెట్టేవాడు. అరిచినా వినబడేది కాదు. ఒకరోజు రత్నం నన్ను తీసుకుని పైకప్పు మీద మూడు దెబ్బలు వేసింది. పాట ఆగింది. అప్పట్నుంచి ఆ పని లింగం తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు అలా పొడిచాడు. పైవాడు మారినా, పాటలు మారినా మూడు దెబ్బల అర్థం మారలేదు.

ఇక ఆ రోజు సంగతి. లింగం ఉద్యోగం మాని చాలాకాలమైంది. వాళ్ళ పెళ్ళయి నలభై నాలుగేళ్ళు నిండిన రోజున, భార్యకు చెప్పకుండా, ఊరికి గంట దూరంలో మిది అనే కాలువ మీద ఒక చిన్న మోటారు పడవ ఒక్క రోజుకు మాట్లాడాడు. పొద్దున్నే తెల్ల టోపీ ఒకటి పెట్టుకున్నాడు, ముందు నల్లటి అంచు, దాని మీద బంగారు రంగు లంగరు బొమ్మ. "ఏటయ్యా ఆ ఏసం?" అంది రత్నం. చెప్పలేదు. ఒడ్డుకు తీసుకెళ్ళి చూపించాడు. ఆమె పడవను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత కారు దగ్గరకు వెనక్కి నడిచి, డిక్కీలోంచి సీట్ల మీదికి పొడుచుకొచ్చిన నన్ను తీసుకుంది. "నేనూ వస్తాను" అనడానికి నాకు నోరు లేకపోయినా ముందు రోజు రాత్రే నన్ను అందులో పెట్టినవాడు లింగమే. ఆ ఒక్క పనికి అతని తప్పులు సగం నేను క్షమించాను. మిగతా సగం వినండి.

పడవ యజమానురాలు మదామ్ ఎలియాన్. మోచేతుల దాకా గ్రీజు, నోట్లో సగం కాలిన సిగరెట్టు. ఆమె దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉంది. పొద్దున కెప్టెన్ ఎవరో పేరు రాయాలి, సాయంత్రం పడవ అప్పగించేటప్పుడు కెప్టెన్ సంతకం చేయాలి. లింగం ఆలోచించకుండా కెప్టెన్ దగ్గర తన పేరు రాసుకున్నాడు. రత్నం పేరు కింద, సిబ్బంది అన్నచోట.

ఆ పడవకు చక్రం లేదు. వెనక పొడుగాటి కర్ర చుక్కాని ఉంది, అచ్చం మన పడవల్లో లాగే. రత్నం దాని మీద అరచెయ్యి వేసింది. ఆ చెయ్యి ఏమనుకుంటోందో నాకు తెలుసు.

"నేను పడతానయ్యా."

"ముందు నన్ను పట్టనీ రత్నం. కొత్త కాలవ, ఎలాగుంటాదో. ఆ చెట్టు దాటాక నీకిత్తాను."

ఆ కాలువకు రెండు వైపులా చినారు చెట్లే, మైళ్ళ పొడుగునా. ఏ చెట్టో చెప్పలేదు.

ఆ కాలువ మీద ప్రయాణమంటే నడకకంటే కాస్త నయం. ముందు ఒక సైకిలువాడు మమ్మల్ని దాటాడు. తర్వాత ఒక బాతు దాటింది. తర్వాత ఒడ్డున కుక్కను తిప్పుతున్న ముసలావిడ దాటి, మేమెక్కడ వెనకబడ్డామోనని ఆగి చూసి, చెయ్యి ఊపి మళ్ళీ నడిచింది. ఎండ ఆకుల్లోంచి చిల్లులు చిల్లులుగా పడుతోంది. నీళ్ళు పచ్చగా, బద్ధకంగా ఉన్నాయి. కాలువలన్నీ ఒక్కలాగే వాసన వేస్తాయని, బురదా ఆకులూ కలిసిన ఆ వాసన పీల్చగానే నాకు తెలిసిపోయింది. నా పొన్ను తడిసి నలభై నాలుగేళ్ళయింది. హాయిగా ఉంది, దాచుకోవడమెందుకు.

చుక్కానిని ఎడమకు తోస్తే పడవ కుడికి వెళ్తుందన్న సంగతి లింగానికి ఆ రోజంతా ఎక్కలేదు. రెండు ఒడ్లనూ సమానంగా పలకరించాడు. ఎడమ ఒడ్డు మీద ఒక రెల్లు దుబ్బును, కుడి ఒడ్డు మీద చేపలు పట్టుకుంటున్న ఇద్దరు పెద్దమనుషుల్ని. రత్నం ముందు కొసన నిలబడి నాతో ఒడ్డును పొడిచి పడవను మళ్ళీ మధ్యకు తెచ్చేది. అరవై దాటిన ఆ చేతుల్లో ఒడుపు ఏమీ పోలేదు.

"ఇప్పుడిత్తావా?"

"ఆ వంతెన దాటాక."

వంతెన దాటింది. "ఇప్పుడో?"

"ఆ చెట్టు దాటాక."

చూస్తున్న నాకే మండుకొచ్చింది. ఇంకొకర్తి అయితే నాతోనే ఒక్కటి వేసేది.

మిట్టమధ్యాహ్నానికి లాకు కనిపించింది. ఆ దేశంలో లాకులు కూడా భోజనం చేస్తాయి. పన్నెండున్నరకు మూసేస్తే మళ్ళీ గంట దాకా తెరవరు. ఇంకో పది నిమిషాలే ఉంది. లింగం కంగారుపడ్డాడు.

"మా పాపయ్యకైతే చేతిలో చేప పెట్టేవోళ్ళం," అంది రత్నం.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదేమో. కానీ అప్పుడు ఈ కథే లేదు. లింగం మొహం వెలిగింది. సంచిలోంచి చేగోడీల డబ్బా బయటికి వచ్చింది. ముందురోజు తానే చుట్టి వేయించినవి, వందమందికి సరిపడా. సైన్యంలో వండినవాడికి ఇద్దరికి వండడం చేతకాదు.

పడవ లాకులోకి వెళ్ళింది. పైన గోడ మీద లాకు కాపరి ఫాబ్రే, బొద్దుమీసాల మనిషి, ముందు మీటల పెట్టె. పల్లానికి దిగే లాకులో తాడును ముడి వేయకూడదు. గోడమీది గుంజకు ఒక చుట్టు చుట్టి, కొస చేత్తో పట్టుకుని, నీళ్ళు దిగేకొద్దీ వదులుతూ ఉండాలి. రత్నం ముందు తాడు అలాగే పట్టింది. వెనక తాడు లింగం వంతు. అతను గుంజకు మూడు చుట్లు చుట్టి, గేదెను కట్టేటప్పుడు వేసే ముడి వేసి, గట్టిగా బిగించి, డబ్బా చంకలో పెట్టుకుని గోడెక్కేశాడు. ముందు వైపు చూస్తున్న రత్నం అది చూడలేదు.

ఫాబ్రే ఒక చేగోడీ కొరికాడు. కళ్ళు పెద్దవి చేశాడు. రెండోది తీసుకుంటూ, రెండో చేత్తో మీట నొక్కాడు. నీళ్ళు హోరుమంటూ దిగడం మొదలైంది.

ముందు భాగం దిగింది. వెనక భాగం దిగలేదు. తాడు కిర్రుమంది. పడవ ముక్కు కిందికి, తోక పైకి లేచింది. భోజనానికి తెచ్చిన పులిహోర గిన్నె జారి నన్ను దాటుకుంటూ ముందుకు పోయింది. రత్నం తూలి పక్క కమ్మీ పట్టుకుంది. వెనక ముడి ఆమెకు అందే ఎత్తులో లేదు.

"ఓయ్! ఆపండి! ఏవయ్యా!"

ఎవరికి వినబడుతుంది? కింద నీళ్ళ హోరు, పైన చేగోడీల కరకర. లింగం వీపు ఇటు పెట్టి, వాము ఎంత వేయాలో ఫాబ్రేకు చెబుతున్నాడు. పడవ ఇంకో అడుగు ఒరిగింది. నాకు భయం వేసింది. నేనైతే తేలతాను, ఆవిడ సంగతేమిటి?

రత్నం నన్ను అందుకుంది. పొన్నుతో రాతిగోడ మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

లింగానికి ఈత రాదు, పడవ రాదు, లాకు తెలియదు. కానీ మూడు దెబ్బలు అతని ఒంట్లో ముప్పై ఏళ్ళుగా ఉన్నాయి. చేగోడీ వదిలేసి గిరుక్కున తిరిగాడు. పడవ వేలాడుతోంది. ఫ్రెంచిలో "ఆపండి!" అని అరిచిన అరుపుకు చెట్ల మీది పావురాలన్నీ లేచిపోయాయి. ఫాబ్రే ఎర్ర మీట మీద అరచెయ్యి వేశాడు.

హోరు ఆగింది. ఫాబ్రే నీళ్ళు మళ్ళీ నింపాడు. పడవ మెల్లగా సమానమైంది, తాడు వదులైంది. లింగం ముడి విప్పి, తాడు ఆమెకు అందించాడు. రత్నం రెండు తాళ్ళూ రెండు చేతుల్తో పట్టి, నన్ను చంకలో పెట్టుకుంది. ఈసారి నేను ఒకే ఒక్క దెబ్బ వేశాను. వదులు అని. ఫాబ్రేకు ఎవరూ చెప్పలేదు, అయినా అర్థమైంది.

పడవ దిగిపోయింది. ముందు తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు చూస్తే లింగం గోడ మీద ఉన్నాడు, పడవ తొమ్మిదడుగుల కింద ఉంది. మధ్యలో పాచిపట్టిన ఇనప నిచ్చెన. అతని మోకాళ్ళు దాని వైపు చూడడానికి కూడా ఒప్పుకోలేదు. అవతల ఇంకో పడవ లోపలికి రావడానికి కాచుకుని ఉంది. ఫాబ్రే గడియారం చూశాడు, కింద రత్నాన్ని చూశాడు, లింగం టోపీని చూశాడు.

"కెప్టెన్ మీరు కదా. మదామ్‌కు నడపడం వచ్చా?"

లింగం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆవిడకే వచ్చు. నాకే రాదు," అన్నాడు.

రత్నం విన్నది. నన్ను జాగ్రత్తగా పక్కన పడుకోబెట్టి, వెనక్కి వెళ్ళి చుక్కాని పట్టుకుంది. మొదట వేళ్ళతో, తర్వాత అరచేత్తో, తర్వాత చంక కింద ఇరికించుకుని, భైరవమూర్తి నిలబడినట్టే ఒక కాలు ముందుకు వేసి నిలబడింది. ఆ నిలబడడం ఎవరూ నేర్పలేదు. ముందు కొసన గెడ వేస్తూ తొమ్మిదేళ్ళపాటు వెనక్కి తిరిగి తిరిగి చూసింది, అంతే. పడవ తలుపుల మధ్యలోంచి, ఎటూ తగలకుండా, గీత గీసినట్టు బయటికి వచ్చింది. అవతలి పడవవాళ్ళు చెయ్యెత్తారు. ఆమె తల ఆడించింది. నేను సంతోషంతో పడవ అడుగున అటూ ఇటూ దొర్లాను. పులిహోర మెతుకులు అంటుకున్నాయి, పట్టించుకోలేదు.

లింగం గబగబా నడిచి ఒడ్డు పక్కనున్న బాట మీద మమ్మల్ని కలుసుకున్నాడు.

"ఒడ్డుకి తియ్యవే, ఎక్కుతాను."

"ఆ చెట్టు దాటాక," అంది రత్నం.

చెట్టు దాటింది. ఇంకోటి దాటింది. పడవ నీళ్ళ మీద, మొగుడు నేల మీద, ఇద్దరిదీ ఒకటే నడక.

"రత్నం, మోకాళ్ళు!"

"ఆ వంతెన దాటాక."

అతనికి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూ, కుంటుతూ, డబ్బాలో మిగిలిన చేగోడీలు తింటూ నడిచాడు. పొద్దున మమ్మల్ని దాటిన ముసలావిడ కుక్కతో తిరిగొస్తూ ఎదురైంది. అతనితో రెండు మాటలాడి రెండు చేగోడీలు తీసుకుంది, కుక్కకొకటి. రెండు కిలోమీటర్ల తర్వాత రత్నం పడవను ఒడ్డుకు చేర్చింది. గడ్డి పరక కూడా వంగలేదు. లింగం ఎక్కి, టోపీ ఆమె తలకు పెట్టి, నన్ను తీసుకుని ముందు కొసన కూర్చున్నాడు. నన్ను తలకిందులుగా పట్టుకున్నాడు. పోనీలే అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు లాకు కాబట్టి నీళ్ళే మమ్మల్ని పైకెత్తాయి. ఫాబ్రే భోజనం ముగించుకుని, వాము ఎంతో మళ్ళీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

ఎండ వాలే వేళకు పడవ అప్పగించారు. మదామ్ ఎలియాన్ పుస్తకం తెరిచి లింగం ముందు పెట్టింది. అతను పొద్దున రాసిన తన పేరు కొట్టేసి, కలం భార్య చేతికిచ్చాడు. ఆమె తెలుగులో సంతకం చేసింది. పెళ్ళయ్యాక ఎక్కడా రాయని పుట్టింటి పేరుతో చేసింది: సంగాడి నూకరత్నం, సరంగు. మదామ్ ఆ అక్షరాల్ని తల అటూ ఇటూ వంచి చూసి, బాగున్నాయంది.

కారు దగ్గర నా ఒళ్ళు తుడుస్తూ రత్నం ఆగిపోయింది.

"మా నాన్నకి నా మీద నమ్మకమే లేదయ్యా. ఉంటే ఒక్కపాలైనా ఇచ్చేవోడు కదా."

లింగం కారు తలుపుకు ఆనుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

"నమ్మకం లేక కాదే. చుక్కాని చేతికొచ్చాక కట్టుకున్నోణ్ణే రెండు కిలోమీటర్లు నడిపించేవు, ఒడ్డుకి రాకుండా. పుట్టినకాణ్ణించీ చూసినోడు, ఆయనకి తెలీదా? పట్టుకుంటే ఇంక ఒడ్డెక్కవని భయపడుంటాడు."

గుడ్డ నా మీద ఆగింది, సరిగ్గా రంపం కోసిన చోట. రత్నం అక్కడే బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయ్యుంటాది," అంది. మళ్ళీ కాసేపటికి, "అయ్యుంటాదయ్యా," అంది.

నలభై నాలుగేళ్ళకు పైగా నేను మోసిన మాటను, గేదె ముడి తప్ప ముడే తెలియని మనిషి ఒక్క మధ్యాహ్నం నడిచి పట్టుకొచ్చాడు. మనుషుల్ని తక్కువ అంచనా వేయడం గెడలకున్న జబ్బు. నాకు ఆ రోజుతో నయమైంది.

ఇప్పుడు నేను తులూజ్‌లో వాళ్ళ బాల్కనీలో ఉన్నాను. ఒక కుండీలో నన్ను పాతి దొండతీగ పాకించారు, యానాంలో నా పై పన్నెండడుగులకు చేసినట్టే. నా తల మీద లంగరు బొమ్మ టోపీ ఉంది, ఎండకు రంగు వెలిసింది. తీగ ఇంకా మూరెడే పాకింది. వేసవి రాగానే నన్ను పీకి పడవెక్కిస్తారు కాబట్టి, ఈలోగా కాయలు కాయాలంటే అది కాస్త తొందరపడాలి.